మా పెరట్లో పురుగుల మందు

వాన వెలిస్తే అందరికీ ఇంద్రధనుస్సు ఆకాశంలో కనిపిస్తుంది. మాకు పెరట్లో కనిపించేది. నీళ్లు నిలిచిన ప్రతి గుంటలోనూ ఏడు రంగులు తేలేవి. ఇంటికి వచ్చిన పిల్లలు వాటిని చూసి చప్పట్లు కొట్టేవాళ్లు. నేను మాత్రం పళ్లు కొరికేదాన్ని, ఎందుకంటే అది వాన నీటి మీదికి తేలిన ఇంజన్ ఆయిల్.

మా ఆయన గోదావరిఖనిలో ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని వర్క్‌షాపులో డంపర్లు బాగుచేసే మెకానిక్. రిటైరయ్యే రోజు దగ్గరపడి, కంపెనీ క్వార్టర్ ఖాళీ చేయాల్సి వస్తుందని ఊరి చివర ఈ జాగా కొని ఇల్లు కట్టుకున్నాం. అంతకుముందు అక్కడ లారీల షెడ్డు ఉండేది. బొగ్గు లారీలన్నీ ఏళ్ల తరబడి అక్కడే ఆయిల్ మార్పించుకున్నాయి. మరి తీసిన పాత ఆయిల్ ఎక్కడ పోశారంటే, దానికి జవాబు మా కాళ్ల కిందే ఉంది. జాగా చూడబోయిన రోజు మా ఆయన గేటు దగ్గర నిలబడి, కళ్లు మూసుకుని గట్టిగా గాలి పీల్చి, "మంచిగున్నదే జాగ. మన ఇంటికి మనం వచ్చినట్టున్నది" అన్నాడు. ఆ మాట విన్న క్షణమే నేను వెనక్కి తిరగాల్సింది.

నాకు ఆ పెరట్లో కావలసింది ఒక్కటే, ఒక చిక్కుడు పందిరి. ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. క్వార్టర్లలో ఉన్నన్నాళ్లూ పోయిన ప్రతిచోటా పందిరి వేశాను. పాదు పూతకు వచ్చిందంటే చాలు, ఎక్కడ మోగేదో గంట, బదిలీ వచ్చి క్వార్టర్ మారేది. శ్రీరాంపూర్ నుంచి ఇక్కడి దాకా నేను పెట్టిన చిక్కుళ్లు తినని వాళ్లు లేరు, నేను తప్ప. ఇల్లు మనదైతే పందిరి కింద పీట వేసుకుని కూర్చుంటానని, ఎవడొచ్చి లేపుతాడో చూస్తానని అనుకున్నాను. తీరా గింజలు పెడితే ఒక్కటీ మొలవలేదు. తవ్వి చూస్తే మూకుడులోంచి తీసినట్టు నూనె ఓడుతూ బయటికి వచ్చాయి.

"ఆయిల్ ముట్టిన జాగ మల్ల జాగ కాదే" అని తేల్చేశాడు మా ఆయన. "ఎన్ని కడిగినా పోదు. నాకెర్క. సిమెంటు పోయిస్త, ఫికరుండదు."

"పోయించు. నన్ను కూడ నడిమిట్ల కూసోబెట్టి పోయించు. పీడ పోతది" అన్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లు మా ఇంట్లో మాటలు తక్కువ, గిన్నెల చప్పుడు ఎక్కువ. చివరికి ఆయనే దిగివచ్చి గడువు పెట్టాడు. దసరా దాకా చూస్తాడట. అప్పటికి పెరట్లో పచ్చగా ఏదైనా మొలిస్తే సరే, లేదంటే పండుగ వెళ్లగానే సిమెంటు. ఎండాకాలం అప్పటికే సగమైంది. దసరా దూరమేమీ కాదు.

ఆ గడువు సంగతి చెవిన పడి ఒక ఆదివారం మా ఆడబిడ్డ దిగింది. పెద్దపల్లిలో కాలేజీలో సూక్ష్మజీవుల పాఠం చెప్తుంది. ఇంట్లో అందరం పంతులమ్మ అంటాం. కోడికూర తిని, చెయ్యి కడుక్కుని, నేరుగా పెరట్లోకి వెళ్లి గుప్పెడు మట్టి తీసుకుని వాసన చూసింది. ఆ వంశంలోనే ఉంది ఈ వాసన చూసే జబ్బు. అన్న పీల్చి మురిసిపోతే, చెల్లె పీల్చి కొంగు నడుముకు దోపింది.

"వదినా, ఆయిల్ తినే బ్యాక్టీరియా ఈ మట్టిల ముందే ఉన్నయ్" అంది.

"ఉంటే తింటలేవేంది? ఉపాసమున్నయా?"

"ఒట్టన్నం ఎంతని తింటరు వదినా? ఆయిల్ అన్నం లెక్క. కుప్పలు కుప్పలున్నది. కూర లేదు. పెండ, బెల్లం, పిండి వేస్తే కూర దొరికినట్టు. మట్టి తిరగేస్తే గాలి ఆడతది. జర్ర తడి పెడితే ఇగ కూసుండి తింటయ్. నేను మా ల్యాబుల పెంచినయి కూడ తెస్త, ఇంకింత మంది పెరుగుతరు."

అంత చదువు చదివి ఇలా అన్నం కూర భాషలో చెప్తుంటే ఆమె దగ్గర చదివే పిల్లలు పాసవరా మరి. ఇంకో మాట కూడా చెప్పింది. అవి నూనెను తింటాయి కానీ ఆయిల్‌లో కలిసి దిగిన సీసం, గీసం తినవట. కాబట్టి మొలిచినా, మట్టి పరీక్ష చేయించేదాకా అందులో కాసింది నోట్లో పెట్టొద్దంది. ముందు మొలవనీ తల్లీ, తినే సంగతి తర్వాత చూద్దాం అన్నాను.

నీలం డ్రమ్ము కొన్నాం. పెండ, అంటే ఆవు పేడ, ఊరికే దొరికింది. ఆమె చెప్పిన సరుకుల్లో నల్లబెల్లం ఉంది. నల్లబెల్లం కొనడమంటే ఏమిటో మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. అది పాయసానికి కొనరు, గుడుంబా, అదే నాటుసారా, కాయడానికి కొంటారు. దుకాణదారు నన్ను పైనుంచి కిందికి చూసి, గొంతు తగ్గించి, "గింత బెల్లం నీకెందుకక్కా?" అన్నాడు.

"పురుగులకు" అన్నాను.

"పురుగులు బెల్లం తింటయా?"

"బెల్లం కూర లెక్క. అన్నం వేరే ఉన్నది."

ఇక మారు మాట్లాడకుండా కట్టి ఇచ్చాడు. నేను మెట్లు దిగుతుంటే పక్కనున్న మనిషితో, "సారు రిటైరైనంక పాపం మతి చలించింది" అనడం వినిపించింది. పాపం ఎవరికో, మతి ఎవరిదో తేల్చుకుందామని వెనక్కి వెళ్లబోయి, బెల్లం బరువుకు ఆగిపోయాను.

ఇక్కడ పేరు దగ్గర వచ్చింది తంటా. డ్రమ్ములో ఉన్నదాన్ని పంతులమ్మ కల్చర్ అనేది. మా ఆయన దాన్ని కల్చరల్ ప్రోగ్రాం అని వెక్కిరించేవాడు. సూక్ష్మజీవుల ద్రావణం అందామంటే బడి పుస్తకం చదువుతున్నట్టుంటుంది. అందుకని నేను పురుగుల మందు అన్నాను. ఇప్పటికీ అడుగుతాను, నా తెలుగులో తప్పేముంది? పసరు మందు అంటే పసరుతో చేసిన మందు. పురుగుల మందు అంటే పురుగులతో చేసిన మందు. దగ్గు మందు అంటే మాత్రం దగ్గుతో చేసింది కాదు, దగ్గును పోగొట్టేది. ఏ మందును ఎటు నుంచి అర్థం చేసుకోవాలో తెలుగు చేసినవాళ్లు చెప్పి పోలేదు. అది నా తప్పా?

మా గోడ అవతల ఒక కాక ఉండేవాడు. భూమి లోపలి గనిలో పనిచేసి రిటైరైన మనిషి. తాగుడు మానేసి చాలా కాలమైంది. మానేశాడంటే, ఆయన భార్య, మా చిన్నమ్మ, మాన్పించింది. కొమురెల్లి గుడికి తీసుకుపోయి, మల్లన్న ముందు నిలబెట్టి ఒట్టు వేయించింది. పాపం ఆ మనిషి ఒట్టు మీద ఉన్నాడు కానీ ఆయన ముక్కు ఒట్టు వేయలేదు కదా. మా డ్రమ్ములో బెల్లం పులిసి, బుడగలు తేలి, ఆ వాసన గోడ దాటి వెళ్తుంటే కాక మా గోడ పక్కన మంచం వేసుకోవడం మొదలుపెట్టాడు. నీడ మంచిగున్నదట. ఆ గోడకు పొద్దంతా ఎండే.

ఒక రోజు చిన్నమ్మ చుట్టాల పెళ్లికని ఊరికి వెళ్లింది. నేను బట్టలు పిండుకుంటున్నాను. కాక గోడ మీది నుంచి తల పెట్టి, "బిడ్డా, గా డ్రమ్ముల ఏందది?" అన్నాడు.

పని తొందరలో ఉన్నాను. "మందు కాకా" అన్నాను.

మా దగ్గర మందు అని ఊరికే అంటే ఏమిటో మీకు తెలుసు. నాకూ తెలుసు. ఆ క్షణంలో గుర్తు రాలేదంతే. కాక ముఖం దసరా ముందే వచ్చినట్టు వెలిగింది. నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి గోడ ఇవతల ఉన్నాడు, చేతిలో స్టీలు గ్లాసు ఉంది, గ్లాసు ఖాళీగా ఉంది.

"కాకా!" అని అరిచాను. "అది పురుగుల మందు!"

ఆ అరుపు వీధి వీధంతా వినపడింది. నేను అన్నది ఏమిటి, జనానికి చేరింది ఏమిటి! కాక పురుగుల మందు తాగిండంట అని ఒకరు, కొడుకులు చూస్తలేరని తాగిండంట అని ఇంకొకరు, పెండ్లాం ఇడిసిపెట్టి పోయిందంట అని మూడో వాళ్లు. నేను వివరం చెప్పేలోపే షేర్ ఆటో వచ్చింది. అందులో ఎక్కి కూర్చున్న వాళ్లను దింపి, కాకను పడుకోబెట్టి, పక్కన నన్ను కుదేశారు. మా ఆయన డ్రైవరు పక్కన వేలాడాడు. "అందుల విషం లేదు, పురుగులే ఉన్నయ్" అని నేను అంటే, "అవ్వ, మందుల పురుగులు కూడ పడ్డయంట" అని ఒకామె ఏడుపు అందుకుంది.

ఇంతమంది చెప్పాక కాక కూడా నమ్మేశాడు. ఆటోలో నా చెయ్యి పట్టుకుని, "బిడ్డా, నేను పోతున్న. మీ చిన్నమ్మకు చెప్పు, తాగి సచ్చిండని అనకు. గుండె ఆగి సచ్చిండని చెప్పు" అన్నాడు. ప్రాణం పోతుందనుకుంటున్న మనిషికి యముడి కంటే చిన్నమ్మే ఎక్కువ భయం.

దవాఖానలో నర్సమ్మ చకచకా అడిగింది. "ఏం మందు?"

"పురుగుల మందు" అన్నారు వెంట వచ్చిన వాళ్లు.

"ఏ కంపెనీది? డబ్బ తెచ్చిండ్రా?"

"కంపెనీది కాదమ్మా, ఇంట్లనే చేసినం" అన్నాను.

ఆమె రాసేది ఆపి నా వైపు చూసింది. "ఇంట్ల చేసిండ్రా? ఏమేమి కలిపిండ్రు?"

"పెండ, బెల్లం, శెనగపిండి, సల్ల" అని వరుసగా చెప్పాను.

అప్పటిదాకా కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటున్న కాక మంచం మీద లేచి కూర్చున్నాడు. "ఏందీ, పెండనా?" అన్నాడు. అంతే. కడుపు కడగడానికి తెచ్చిన గొట్టంతో పనేమీ లేకుండానే అంతా బయటికి వచ్చింది. నర్సమ్మ నా కళ్లలోకి చూడకుండా అటు తిరిగి నవ్వుకుంది. డాక్టరు పంతులమ్మతో ఫోన్లో మాట్లాడి, డ్రమ్ములో ఏముందో ఆమె నోటితో విని, సెలైన్ పెట్టి, మాత్రలిచ్చి, సాయంత్రం దాకా కళ్ల ముందే ఉంచుకుని ఇంటికి పంపాడు.

ఇల్లు చేరే వరకు నేనూ నవ్వుతూనే ఉన్నాను. అక్కడ చూసిన తర్వాత నవ్వు పోయింది. ఎవరో ఫోన్ చేస్తే చిన్నమ్మ పెళ్లి విందు వదిలేసి పరుగున వచ్చింది. మొగుణ్ణి చంపబోయిన డ్రమ్ము ముందు కనిపించింది. ఒక్క తన్నుతో దాన్ని పడదోసి, ఆ విషం ఇంకెవరి ప్రాణం తీస్తుందోనని, ఉన్న బ్లీచింగ్ పౌడరంతా పెరట్లో చల్లింది. నేను నెల పైబడి తిప్పి, తడిపి, తవ్విన నేల తెల్లగా, సున్నం వేసినట్టు మెరుస్తోంది.

"నా మొగన్ని సంపుదామనుకున్నవా?" అని ఆమె.

"నా నేలను సంపినవు గదనే!" అని నేను.

ఆ తర్వాత మేమిద్దరం అనుకున్న మాటలు రాయదగినవి కావు. నడుమ కాక గొంతు సవరించుకుని, "నేను ఒట్టు తప్పలేదే. పెండనీళ్లు మందు కిందికి రావు" అన్నాడు.

"తాగేటప్పుడు నీకు పెండ అని ఎర్కనా?" అంది చిన్నమ్మ.

కాక మల్లన్నకు దండం పెట్టుకుంటూ గోడ అవతలికి జారుకున్నాడు.

నేను లోపలికి వెళ్లి, తలుపు వేసుకుని ఏడ్చాను. కోపంతో కాదు. వానలు పడుతున్నాయి, దసరా తరుముకొస్తోంది, మళ్లీ మొదటికి వచ్చాం. ఈ వయసులో కూడా గుప్పెడు మట్టి నాకు దక్కదా అని ఏడ్చాను. మా ఆయన తలుపు దాకా వచ్చి, నా ఏడుపు విని వెనక్కి వెళ్లాడు.

పంతులమ్మకు బ్లీచింగ్ సంగతి చెప్తే ఫోన్లో పడి పడి నవ్వింది. "పురుగుల మందు మీద పురుగుల మందు కొట్టిండ్రా వదినా!" అని. నవ్వడం అయ్యాక, బ్లీచింగ్ పైపైనే ఉంటుందని, ఎండకూ వానకూ దాని పొగరు దిగిపోతుందని, లోపలున్నవి అంత తేలిగ్గా చావవని చెప్పింది. ఆ వారమే ఇంకో క్యాను కల్చర్ మోసుకొచ్చింది. వచ్చి ముందుగా నాకు పెట్టిన షరతు, ఆ పేరు మార్చమని.

"మరేమనాలె?"

"కల్చర్ అంటే తోడు వదినా. పాలల్ల తోడేసినట్టు మట్టిల తోడేస్తున్నం. గంతే."

ఈ ఒక్క మాట మొదటి రోజే చెప్పి ఉంటే కాకకు సెలైన్ తప్పేది. తోడు అని చెప్పగానే వీధి మొత్తానికి అర్థమైపోయింది. తోడు తెలియని ఆడది ఉందా? ఇంట్లో తోడు లేకపోతే గిన్నె పట్టుకుని పక్కింటికి పోవడం క్వార్టర్ల నాటి నుంచి ఉన్నదే. మూడో రోజు చిన్నమ్మ మా గేటు దగ్గరికి వచ్చింది. నా ముఖం చూడకుండా, చేతిలోని మజ్జిగ చెంబు గోడ మీద పెట్టి, "తోడు అయితే నన్ను అడగాలె గని, గా బెల్లం దుకాణాలు పట్టుకొని తిరుగుడేంది? సల్ల మా ఇంట్ల పారబోసేటంత ఉన్నది" అంది. అదే ఆమె క్షమాపణ. నేను చెంబు తీసుకుని, కడిగి, దాంట్లో ఇంత పచ్చడి పెట్టి పంపాను. అది నాది.

అసలు ఆశ్చర్యం మా ఆయన. ఒక పొద్దున నేను పారతో మట్టి తిరగేస్తుంటే వసారాలో కూర్చుని చూసి చూసి, "పార పట్టుడు గట్ల కాదు, ఇటియ్యి" అని లాక్కున్నాడు. సిమెంటు మీద ప్రేమ పోయి కాదు, ఎవరైనా పనిముట్టును తప్పుగా పడితే మెకానిక్ కళ్లు ఊరుకోవు. ఆ రోజు నుంచి ఫస్ట్ షిఫ్టుకు వెళ్లినట్టు తెల్లారగానే పెరట్లోకి దిగేవాడు. చెల్లెకు ఫోన్ చేసి, "నీవోళ్లు డ్యూటీల ఉన్నరే. మూడు షిఫ్టులు చేస్తున్నరు. యూనియన్ లేదు, సిక్ లీవు లేదు" అని రిపోర్టు ఇచ్చేవాడు. అయినా దసరా ముందు ఇసుక తెప్పించాడు. సిమెంటు బస్తాలు వసారాలో పేర్చాడు. ఏందయ్యా ఇది అంటే, "మాట మాటే" అన్నాడు. ఆ బస్తాలు కనిపించకుండా వంటింటి తలుపు వేసుకుని వండేదాన్ని.

పండుగ వెళ్లింది. మేస్త్రీ వచ్చాడు. నేను బయటికి రాలేదు. పెరడు పూడ్చేటప్పుడు ఎదురుగా నిలబడేంత గుండె నాకు లేదు. పొయ్యి ముందు కూర్చుని, సిమెంటు కలిపే చప్పుడు వస్తుందేమోనని చెవులు రిక్కించి విన్నాను. చప్పుడు రాలేదు. మా ఆయన గొంతు వినిపించింది. "ఇయ్యాల వద్దు అన్నా. ఇగ ఎప్పుడూ వద్దు. ఈ బస్తాలు కాక ఇంటికేయ్, గోడ లేపుకుంటడంట."

చేతిలోని గరిటె పట్టుకునే పరుగెత్తాను. మా ఆయన పెరట్లో మూలకు గొంతుక్కూర్చుని ఉన్నాడు. అక్కడక్కడ గరిక లేచింది. ఆయన ముందు, వరుసగా, మెడలు వంచుకుని చిక్కుడు మొలకలు.

"నేను పెట్టలేదు" అన్నాను.

"నేనే పెట్టిన. నీ డబ్బల గింజలు తీసిన. నువ్వు పెట్టి, రాకపోతే మల్ల తలుపేసుకొని ఏడుస్తవని."

గరిటె గోడ మీద పెట్టి దగ్గరికి వెళ్లాను. ఆయన మొలకల వైపే చూస్తూ, నాతోనో మట్టితోనో తెలియకుండా చెప్పడం మొదలుపెట్టాడు.

"మన బిడ్డ చిన్నగున్నప్పుడు నేను డ్యూటీ నుంచి వచ్చి ఎత్తుకుంటే ఏడ్చేది, యాదికున్నదా? అందరు కొత్త మనిషి లెక్క చూస్తున్నదన్నరు. కాదు. ఆయిల్ వాసనకు ఏడ్చేది. సబ్బుతోని రుద్దిన, మట్టితోని రుద్దిన, కిరసనాయిలు తోని కడిగిన. పోలే. ఇగ ఎత్తుకునుడే బంద్ చేసిన. ఆయిల్ ఒక్కపారి ముట్టిందంటే ఇగ పోదనుకున్న."

ఆ బిడ్డకు ఇప్పుడు పెళ్లయి, పిల్లలు పుట్టారు. చిన్నప్పుడు కూతుర్ని ముద్దు చేయని మనిషని ఇన్నేళ్లూ ఆయనను నేను దెప్పుతూనే ఉన్నాను. ఆయన రెండు చేతులూ నా ముందుకు చాచాడు. గోళ్ల నిండా తడి మట్టి.

"సూడు" అన్నాడు. "ఇంకా వస్తదా?"

పక్కన కూర్చుని, ఆ చేతులు రెండూ దగ్గరికి తీసుకుని వాసన చూశాను. మట్టి వాసన తప్ప ఇంకేమీ లేదు. ఒప్పుకుంటే నెత్తికెక్కుతాడని, "వస్తది, ఇంకా పెద్ద కంపే వస్తది" అన్నాను. చేతులు మాత్రం వదల్లేదు.